కింగ్ సీమ్ అంటే రాజుగారి పేరు కాదు.. సింగరేణి బొగ్గు జాడ చెప్పిన విలియం కింగ్ ఎవరు? కృష్ణా డెల్టాకు ఆయనకు లింకేంటి?

బొగ్గు లోడుతో వచ్చే గూడ్సు రైళ్లు కొండపల్లి దగ్గర నెమ్మదిస్తాయి. అక్కడి నుంచి వ్యాగన్లు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ వైపు మళ్లుతాయి. విజయవాడ జనానికి ఇది రోజూ కనిపించే సీనే. ఆ బొగ్గులో కొంత ఒడిశాలోని తాల్చేరుది, కొంత సింగరేణిది.

సింగరేణి గనుల్లో పనిచేసినవాళ్లను అడిగితే కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అని పొరల పేర్లు చెబుతారు. సీమ్ అంటే బొగ్గు పొర. కింగ్, క్వీన్ అనగానే రాజు, రాణి పేర్లనే చాలామంది అనుకుంటారు. రాణి సంగతి ఏమోగానీ, కింగ్ మాత్రం రాజు కాదు. ఆయన ఒక ఉద్యోగి. జీతానికి పనిచేసిన జియాలజిస్టు. పూర్తి పేరు విలియం కింగ్.

150 ఏళ్ల కిందట సుత్తి, దిక్సూచి, ఎడ్లబండి మీద డేరా వేసుకుని కడప నుంచి కృష్ణ దాకా, కృష్ణ నుంచి గోదావరి దాకా తిరిగాడు. తెలుగు నేల కింద ఏముందో ఒక వరసలో పెట్టి రాసినవాళ్లలో ఆయనది ముందు వరుస. ఆయన రాసిపెట్టిన ఊళ్ల పేర్లు ఇప్పటికీ బొగ్గు గనుల్లో, సిమెంటు కంపెనీల రిపోర్టుల్లో, గ్యాస్ బావుల రికార్డుల్లో వాడుతున్నారు.

తండ్రి పేరు కూడా విలియం కింగే

ఆయన పుట్టింది 1834లో. తండ్రి పేరు కూడా విలియం కింగే కావడంతో పుస్తకాల్లో ఇద్దరినీ కలిపేసేవాళ్లు ఉన్నారు. తండ్రి ఐర్లాండ్‌లోని గాల్వేలో క్వీన్స్ కాలేజీ జియాలజీ ప్రొఫెసర్. జర్మనీలో ఒక గుహలో 1856లో దొరికిన పాత ఎముకలు మనలాంటి మనిషివి కావని, అది వేరే మానవ జాతి అని చెప్పింది ఈ పెద్ద కింగే. 1864లో దానికి హోమో నియాండర్తలెన్సిస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఇప్పుడు నియాండర్తల్ మనిషి అని స్కూలు పుస్తకాల్లో చదువుతున్నది దీని గురించే.

కొడుకు గాల్వేలోనే చదువుకుని, 1857లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరాడు. సిపాయిల తిరుగుబాటు జరిగిన సంవత్సరం అది. సర్వే మొదలై అప్పటికి ఆరేళ్లే. థామస్ ఓల్డ్‌హామ్ దానికి బాస్. కుర్రాడిని మద్రాసు పార్టీలో వేశారు. మరుసటి ఏడాది అదే పార్టీలోకి రాబర్ట్ బ్రూస్ ఫుట్ వచ్చాడు.

1863 మే నెలలో మద్రాసు దగ్గర పల్లావరంలో ఫుట్‌కు ఒక చెక్కిన రాతి పనిముట్టు దొరికింది. అదే ఏడాది సెప్టెంబరులో ఫుట్, కింగ్ ఇద్దరూ కలిసి అత్తిరంపాక్కంలో ఇలాంటివే మరిన్ని చూశారు. ఆదిమానవులు వాడిన రాతి గొడ్డళ్లవి. అక్కడి పనిముట్ల వయసు 15 లక్షల ఏళ్లని ఈమధ్య కాలంలో పరీక్షలు చేసి తేల్చారు. తండ్రి గాల్వేలో కూర్చుని పాత మనిషికి పేరు పెడుతున్న రోజుల్లోనే, కొడుకు ఇక్కడ ఎండలో అంతకంటే పాత మనుషుల పనిముట్లు ఏరుతున్నాడన్నమాట.

అయితే కింగ్‌కు జీతం ఇచ్చేది రాతి గొడ్డళ్లు ఏరడానికి కాదు. మ్యాపు గీయడానికి.

నడిచి గీసిన మ్యాపు

అప్పటి ఫీల్డ్ వర్క్ ఎలా ఉండేదంటే.. వానలు తగ్గాక బయలుదేరాలి. ఎండలు ముదిరేదాకా అడవుల్లో, కొండల్లో డేరాల్లోనే ఉండాలి. ఆ తర్వాత ఆఫీసుకు వచ్చి నోట్సు చూసుకుంటూ రిపోర్టు రాయాలి. మళ్లీ సీజన్ రాగానే బండి కట్టాలి. నల్లమల, గోదావరి అడవులంటే చలిజ్వరం గ్యారంటీ అనుకునే రోజులవి.

కడప నుంచి కర్నూలు, నల్లమల, పల్నాడు మీదుగా జగ్గయ్యపేట దాకా నెలవంక ఆకారంలో పరుచుకున్న రాళ్లున్నాయి. వాటి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. అంత పాత రాళ్లలో గవ్వలు, ఎముకలు, ఆకుల గుర్తులు ఉండవు. శిలాజం దొరికితే రాయి ఏ కాలానిదో చెప్పడం తేలిక. అది లేనప్పుడు ఒకటే దారి. ఏ పొర కింద ఉంది, ఏది పైన ఉంది, ఎక్కడ వంగింది, ఎక్కడ విరిగింది అని వాగు వాగూ నడిచి చూడటమే.

కింగ్ చేసింది అదే. ఫుట్, చార్లెస్ ఓల్డ్‌హామ్ చేసిన పనిని కూడా కలుపుకుని 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం వచ్చింది. అందులో కడప శిలలను నాలుగు గ్రూపులు చేశాడు. పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా. కర్నూలు శిలలకూ ఇలాంటి పేర్లే.. బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు. ఇంగ్లండు పేర్లు తెచ్చి ఇక్కడ అతికించలేదు. ఏ రాయి ఏ ఊళ్లో, ఏ ఏటి పక్కన బాగా కనిపిస్తే ఆ పేరే పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు ఈ లిస్టులో మార్పులు చాలానే చేశారు. అయినా చాలా పేర్లు అలాగే నిలిచిపోయాయి.

ఇందులో జనానికి ఏం ఒరిగింది అంటారా? బనగానపల్లె పొరలోనే వజ్రాల కోసం పాతకాలం నుంచి గుంతలు తవ్వేవాళ్లు. జమ్మలమడుగు గ్రూపులోని సున్నపురాయి పల్నాడు, జగ్గయ్యపేట వైపూ పరుచుకుని ఉంది. ఆ ప్రాంతంలో ఇవాళ ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మరి రాగి సంగతేంటి?

కింగ్ గీసిన నల్లమల గ్రూపు ఉత్తరం కొసన, వినుకొండ ప్రాంతంలో అగ్నిగుండాల ఉంది. రాగి కోసం ఎప్పుడో తవ్వి వదిలేసిన గుంతలున్న చోటు. నల్లకొండ, ధూకొండల్లో రాగి, బండలమొట్టులో సీసం ఉన్నట్టు స్వాతంత్ర్యం తర్వాతి అన్వేషణల్లో వివరంగా తేలింది. బండలమొట్టులో హిందుస్థాన్ జింక్ సంస్థ సీసం గని కూడా నడిపింది, తర్వాత మూసేసింది. ఆంధ్రలో రాగి అనగానే మొదట గుర్తొచ్చే పేర్లలో ఇదొకటి.

ఇక్కడొక డౌట్ రావచ్చు. చిలీలో, అమెరికాలో కొండలకు కొండలే తవ్వి రాగి తీస్తారు కదా, అలాంటివి మన దగ్గర ఎందుకు లేవని. వాటిని పోర్ఫిరీ రాగి నిక్షేపాలు అంటారు. భూమి లోపలి నుంచి ఎగదన్నిన శిలాద్రవం పైకి పూర్తిగా రాకుండా మధ్యలోనే గడ్డకడుతుంది. దాని వేడికి మరిగిన ఉప్పునీళ్లు చుట్టూ ఉన్న రాయిని వేల వేల సన్న చీలికలుగా పగలగొట్టి, ఆ చీలికల్లో రాగి ఖనిజాన్ని వదిలేస్తాయి. టన్ను రాయి తవ్వితే ఐదు నుంచి పది కిలోల రాగి ఉంటుంది, అంతే. కానీ రాయి కొండంత ఉంటుంది. సముద్రం అడుగు పలక ఖండం కిందికి దూరే చోట, అగ్నిపర్వతాల వరసలో ఇవి ఎక్కువగా పుడతాయి.

అగ్నిగుండాల అలాంటిది కాదు. అక్కడ రాగి, సీసం ఉన్నది ఒకప్పటి సముద్రపు అడుగున పేరుకున్న డోలమైట్, క్వార్ట్‌జైట్ పొరల్లో. ఖనిజం పొరను పట్టుకుని ఉంటుంది. అందుకే అక్కడ వెతికే పద్ధతి వేరు. పొర ఎటు వంగిందో తెలిస్తేనే రాగి ఎటు పోయిందో తెలుస్తుంది. అంటే కింగ్ చేసిన పొరల లెక్కే అక్కడ మొదటి ఆధారం. మన దేశంలో పోర్ఫిరీ తరహా అని చాలామంది జియాలజిస్టులు చెప్పేది మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్‌ను. అదీ అందరూ ఒప్పుకున్న మాట కాదు. అక్కడి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు.

ఇంత తక్కువ శాతం రాగి ఉన్న కొండను కూడా తవ్వి లాభం తీయొచ్చని అమెరికాలోని యూటాలో చేసి చూపించింది 20వ శతాబ్దం మొదట్లో. కింగ్ 1900లోనే చనిపోయాడు. ఆయన కాలంలో రాగి గని అంటే కంటికి మెరిసే ఖనిజం ఉన్న ఈనె వెంట తవ్వుకుంటూ పోవడమే.

కట్టెలతో నడిచిన రైళ్లు

ఇక అసలు కథ బొగ్గుది.

1860ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో రైళ్లు పడ్డాయి. బొగ్గు మాత్రం లేదు. బెంగాల్లో ఉంది కానీ అక్కడి నుంచి తేవాలి. లేదంటే ఇంగ్లండ్ నుంచి ఓడల్లో రావాలి. ఈ ఖర్చు భరించలేక ఇంజన్లలో కట్టెలు మండించేవాళ్లు. ఒక్కో రైలు మార్గం పక్కన అడవి ఎంత వేగంగా తరిగిపోయిందో ఊహించుకోవచ్చు. దక్షిణాదిలో ఎక్కడైనా బొగ్గు ఉందా అన్నది అప్పట్లో ప్రభుత్వానికి అర్జెంటు ప్రశ్న.

గోదావరి లోయలో ఉండొచ్చన్న ఆశ ముందునుంచీ ఉంది. నది ఒడ్డున అక్కడక్కడా బొగ్గు జాడలు బయటపడ్డాయి. డబ్ల్యూ.టి. బ్లాన్‌ఫర్డ్ అనే మరో జియాలజిస్టు ఆ లోయలో పనిచేశాడు. మద్రాసు ప్రభుత్వానికి కావాల్సింది తమ సొంత జిల్లాలో బొగ్గు. పోలవరం వైపు బెడదనూరు దగ్గర బొగ్గు శిలలు దొరికితే బోర్లు వేసి చూశారు. పొరలు పల్చన, బొగ్గు నాసిరకం. పనికిరాలేదు.

మంచి బొగ్గు సరిహద్దుకు అవతల ఉంది. అంటే నిజాం రాజ్యంలో. అప్పటికి నిజాం మహబూబ్ అలీఖాన్ చిన్నపిల్లాడు. పాలన దివాన్ సాలార్‌జంగ్ చేతుల్లో ఉంది.

ఇల్లెందు దగ్గర నల్లరాయి

1871, 72 ప్రాంతంలో కింగ్ ఖమ్మం వైపు అడవుల్లో పనిచేశాడు. ఆయన బొగ్గు ఎలా వెతికాడో చూస్తే ఆ పనిలో ఉన్న తెలివి తెలుస్తుంది.

గోదావరి లోయ రాళ్లలో ఒక వరస ఉంది. అన్నిటికంటే కింద తాల్చిర్ పొర. అందులో గుండ్రాళ్లు, బంకమన్ను కలగాపులగంగా ఉంటాయి. మంచు నదులు ఈడ్చుకొచ్చి వదిలేసిన రాళ్లవి. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేదని చెప్పే సాక్ష్యం. దానిపైన బరాకర్ పొర. మంచు కరిగాక పెరిగిన చిత్తడి అడవులు కుళ్లి, మట్టి కింద అణిగి బొగ్గయింది ఇందులోనే. ఆపైన కామ్తీ ఇసుకరాయి. దట్టంగా, ఎర్రగా ఉండి కింద ఉన్నదాన్నంతా కప్పేస్తుంది.

చిక్కేంటంటే బరాకర్ పొర మెత్తన. త్వరగా అరిగిపోతుంది, పైన మన్ను, అడవి కమ్మేస్తాయి. కాబట్టి బొగ్గు కోసం బొగ్గునే వెతికితే దొరకదు. ఒకవైపు తాల్చిర్ గుండ్రాళ్లు, ఇంకోవైపు కామ్తీ ఇసుకరాయి కనిపిస్తే మధ్యలో కనబడకుండా ఉన్నది బరాకర్ కావచ్చని లెక్క వేయాలి. ఆ మధ్య భాగంలో వాగులు వెతకాలి. వాగు ఇసుకలో నల్లముక్క కనిపిస్తే ఎగువకు నడవాలి.

స్థానికంగా చెప్పుకునే కథ వేరేలా ఉంటుంది. భద్రాచలం రాములవారి దర్శనానికి పోయే యాత్రికులు దారిలో వంట కోసం నల్లరాళ్లు పెట్టి పొయ్యి చేశారట. కట్టెలతో పాటు పొయ్యి రాళ్లూ అంటుకున్నాయట. ఆ కబురు ఆనోటా ఈనోటా అధికారుల దాకా పోయిందట. కథ అక్షరాలా నిజమో కాదో పక్కన పెడితే, ఒకటి మాత్రం నమ్మొచ్చు. కాలే రాయి సంగతి అక్కడి జనానికి కింగ్ రాకముందే తెలిసి ఉంటుంది. వాగులో నల్లముక్క ఎక్కడుందో కొత్త మనిషికి చూపించేది పశువులు కాసేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లే. వాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ మిగల్లేదు. బొగ్గు పొరకు కింగ్ పేరు మిగిలింది.

హైదరాబాద్ రాజ్యం ఆగ్నేయ భాగంలో కొత్త బొగ్గు క్షేత్రం ఉందంటూ కింగ్ రాసిన నోట్ 1872లో సర్వే పత్రికలో అచ్చయింది. చుట్టూ పాత గట్టి రాయి, నడిమధ్యలో ద్వీపంలా మిగిలిన చిన్న బొగ్గు ముక్క అది. గోదావరి లోయలోని పెద్ద క్షేత్రంతో కలవకుండా విడిగా ఉంది. తవ్వకాలు జరిగింది ఇల్లెందులో, పేరు స్థిరపడింది మాత్రం పక్కనున్న సింగరేణి ఊరిది. ఇల్లెందును ఇప్పటికీ బొగ్గుట్ట అనే పిలిచే పెద్దవాళ్లున్నారు.

బొగ్గు ఇక్కడ, షేర్లు లండన్‌లో

జాడ తెలిసినంత మాత్రాన గని పడదు. రైలు లేనిదే బొగ్గు ఎడ్లబండ్ల మీద ఎంత దూరం పోతుంది? అందుకే కింగ్ నోట్ వచ్చాక 14 ఏళ్లు ఆ బొగ్గు భూమిలోనే ఉంది.

ఈలోపు కింగ్‌ను వేరే పనుల మీదికి పంపారు. వాయనాడ్ బంగారు రాళ్ల మీద 1875లో ఆయన రిపోర్టు వచ్చింది. కొన్నేళ్లకే లండన్‌లో వాయనాడ్ బంగారం పేరుతో కంపెనీల మీద కంపెనీలు పుట్టాయి. షేర్లు ఎగబడి కొన్నారు. తవ్వితే బంగారం ఆశించినంత రాలేదు. 1880ల మొదట్లోనే ఆ బుడగ పగిలింది. నేల కింద ఉన్నది వేరు, షేర్ కాగితం మీద రాసేది వేరు. ఇది హైదరాబాద్ విషయంలో ఇంకా పెద్దగా బయటపడింది.

1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ అని లండన్‌లో పెట్టారు. నిజాం రాజ్యంలో ఖనిజాలు తవ్వుకునే హక్కు 99 ఏళ్లకు దానికి దక్కింది. ఆ హక్కు సంపాదించినవాళ్లు కంపెనీ షేర్లలో చాలా భాగం డబ్బు కట్టకుండానే తమ పేరిట రాసుకున్నారు. ఆపైన రేటు పెంచి మార్కెట్లో అమ్మారు. నిజాం ప్రభుత్వం చేత కూడా ఆ షేర్లు కొనిపించారు. ఈ బేరంలో నిజాం అధికారి అబ్దుల్ హక్ పేరు మోగిపోయింది. గొడవ ముదిరి 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. అబ్దుల్ హక్ ఉద్యోగం పోయింది.

బొగ్గు అమ్మకాలు ఊపందుకోకముందే జరిగిన స్కామ్ ఇది. ఇప్పటి మైనింగ్ స్కాములు చూసి ఆశ్చర్యపోయేవాళ్లు ఒకసారి 1888 విచారణ గుర్తుచేసుకోవాలి.

బెజవాడ దాకా పట్టాలు

గొడవ ఎలా ఉన్నా పట్టాలు మాత్రం పడ్డాయి. నిజాం రైలు వరంగల్ దాటి, డోర్నకల్ మీదుగా 1889లో బెజవాడకు చేరింది. డోర్నకల్ నుంచి ఇల్లెందు గనులకు బ్రాంచి లైను వేశారు. బొగ్గు అమ్మకాలు ఊపందుకున్నది ఆ తర్వాతే. అంటే బెజవాడ లైను, సింగరేణి బొగ్గు ఇంచుమించు కవలపిల్లలు. ఒకటి లేకపోతే రెండోదానికి గిరాకీ లేదు.

అప్పటిదాకా బెజవాడ అంటే ఆనకట్ట ఊరు. 1855లో పూర్తయిన ఆనకట్ట, అక్కడ మొదలయ్యే కాలవలు, కాలవల్లో పడవలు. డెల్టా ధాన్యం పడవల మీద బందరు వైపు పోయేది. రైలు వచ్చాక అదే ధాన్యం హైదరాబాద్ దారి పట్టింది. 1890ల్లో కృష్ణ మీద రైలు వంతెన పడింది, మద్రాసు వైపు, గుంతకల్లు వైపు, వాల్తేరు వైపు లైన్లు కలిశాయి. బెజవాడ జంక్షన్ అయింది. దక్షిణాది రైళ్లకు సింగరేణి బొగ్గు దిగేది ఈ దారినే. కట్టెల ఇంజన్ల రోజులు పోయాయి.

కింగ్ ఇవన్నీ దూరం నుంచే చూశాడు. అప్పటికి ఆయన కలకత్తాలో ఉన్నాడు. 1887లో జియలాజికల్ సర్వే డైరెక్టర్ అయ్యాడు.

నూజివీడు పక్క ఊరి పేరు గ్యాస్ బావిలో ఎలా?

డెల్టా జనం తప్పక తెలుసుకోవాల్సిన చాప్టర్ ఇంకొకటి ఉంది. సింగరేణి కథలో ఇది ఎవరూ చెప్పరు.

ఇల్లెందు పని అయ్యాక కింగ్ గోదావరి జిల్లా తీరం వైపు వచ్చాడు. ఏలూరు, నూజివీడు, చింతలపూడి మెట్ట ప్రాంతం. డెల్టా నల్లమట్టి మొదలవడానికి ముందు కనిపించే ఎర్ర నేలలు, చిన్న చిన్న గుట్టలు. అక్కడి రాళ్లలో మూడు రకాలు గుర్తించాడు. కింద ఉన్న ఇసుకరాయికి నూజివీడు దగ్గరి గొల్లపల్లి పేరు పెట్టాడు. దానిపైన తెల్లగా, పలకలు పలకలుగా విడిపోయే మెత్తటి రాయికి చింతలపూడి దగ్గరి రాఘవాపురం పేరు. ఆపైన ఉన్న ఇసుకరాయికి చిన్న తిరుపతి, అంటే మన ద్వారకా తిరుమల పేరు. ఈ పరిశీలన 1880లో అచ్చయింది.

గొల్లపల్లి రాళ్లలో పాతకాలపు ఆకుల అచ్చులు దొరికాయి. సర్వేలో పనిచేసిన ఫైస్ట్‌మాంటెల్ 1877లో వాటి మీద పుస్తకమే రాశాడు. రాఘవాపురం రాయిలో ఆకులతో పాటు సముద్ర జీవుల గవ్వలు కూడా ఉన్నాయి. అంటే ఒకప్పుడు సముద్రం చింతలపూడి దాకా వచ్చి వెళ్లిందన్నమాట.

కింగ్‌కు అక్కడ అమ్ముకునే సరుకేమీ దొరకలేదు. బొగ్గు లేదు, బంగారం లేదు. పలకరాయి, ఇసుకరాయి. అలాంటి చోట కూడా అంత శ్రద్ధగా పొరలు విడదీసి రాయడం చూస్తే ఆయన ఎలాంటి మనిషో తెలుస్తుంది. ఆయన జీవితంలో బొగ్గు కంటే ఇదే గొప్ప పని అన్నా తప్పులేదు.

ఎందుకంటే ఈ రాళ్లు నూజివీడు దగ్గర ఆగిపోవు. సముద్రం వైపు వంగుతూ డెల్టా మట్టి కిందికి దిగుతాయి. కొన్ని వేల అడుగుల లోతుకు పోతాయి. 1970ల్లో ఓఎన్జీసీ గోదావరి, కృష్ణా డెల్టాలో బోర్లు వేయడం మొదలుపెట్టింది. 1978లో నరసాపురం బావి, 1983లో రాజోలు గ్యాస్. తర్వాత కైకలూరు, లింగాల వైపు కూడా గ్యాస్ పడింది. డ్రిల్లింగ్‌లో పైకొచ్చిన రాతి ముక్కలను పొరల వారీగా గుర్తించాలంటే పైన ఎక్కడో బయటికి కనిపించే రాయితో పోల్చాలి. అప్పుడు అక్కరకొచ్చినవి కింగ్ పెట్టిన పేర్లే.

కేజీ బేసిన్‌లో చాలాచోట్ల గ్యాస్, నూనె పుట్టింది రాఘవాపురం షేల్‌లోనే అని నిపుణులు చెబుతారు. ఆ పలకరాయిలో ఇరుక్కున్న సముద్రపు నాచు, జీవుల అవశేషాలు లోతులో వేడికి ఉడికి గ్యాస్ అయ్యాయి. గొల్లపల్లి, తిరుపతి ఇసుకరాళ్లు ఆ గ్యాస్‌ను స్పాంజిలా పట్టుకునే పొరల్లో ఉన్నాయి. ఇంకా ఆసక్తికరం ఏంటంటే, డెల్టా కింద ఇంకా లోతుకు పోతే ఇల్లెందులో ఉన్న కాలపు బొగ్గు పొరలే ఉన్నాయి. దాన్ని కొమ్ముగూడెం ఫార్మేషన్ అంటారు. మండపేట గ్యాస్ ఆ బొగ్గు నుంచి పుట్టిందే.

బెడదనూరులో బొగ్గు పనికిరాదని వదిలేసిన మద్రాసు ప్రభుత్వానికి ఈ సంగతి తెలిసే దారి లేదు. పొలాల కింద ఉన్న ఆ బొగ్గు ఎవరూ తవ్వలేనంత లోతు. కానీ దాని ఊపిరి మాత్రం పైపుల్లో వస్తోంది. ఆ ఊపిరికి డెల్టా రేటు కూడా కట్టింది. 1995లో పాశర్లపూడి బావి బద్దలై రెండు నెలల పైన మండింది. 2014లో నగరంలో గ్యాస్ పైపు పేలి ప్రాణాలు పోయాయి.

డైరెక్టర్ కుర్చీ, ఆ తర్వాత

డైరెక్టర్‌గా కింగ్ ఏడేళ్లు ఉన్నాడు. ఆఫీసు పని, ప్రభుత్వానికి సలహాలు, బడ్జెట్ గొడవలు. సుత్తి పట్టుకుని వాగుల్లో తిరిగిన మనిషికి ఈ భాగం ఎంత నచ్చిందో గానీ, ఆయన పేరు నిలబెట్టిన పని అంతా అంతకుముందే అయిపోయింది. సర్వేలో అప్పటికి భారతీయ అధికారులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. ఫీల్డులో బండి తోలినవాళ్లు, డేరా వేసినవాళ్లు, దారి చూపినవాళ్లు, భాష తిప్పి చెప్పినవాళ్లు అందరూ ఇక్కడివాళ్లే. మ్యాపు మీద సంతకం మాత్రం దొరవారిది. ఈ లోపం ఒక్క కింగ్‌ది కాదు, ఆ కాలపు సర్వే మొత్తానిది.

1894లో ఆయన రిటైర్ అయ్యాడు. 1900లో చనిపోయాడు.

ఆయన పోయాక 20 ఏళ్లకు, 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం దాని షేర్లలో ఎక్కువ వాటా కొనేసింది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. గనులు ఇల్లెందు దాటి కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్ దాకా పోయాయి. కింగ్ 1872లో చూపించింది అందులో ఒక చిన్న ముక్క మాత్రమే.

గొల్లపల్లిలో మాత్రం ఆయన గురించి చెప్పే బోర్డు ఏదీ లేకపోయినా, కైకలూరు వైపు గ్యాస్ బావి తవ్వుతున్న చోట జియాలజిస్టు మట్టి కడిగిన రాతి ముక్కలను ట్రేలో పోసి, లెన్సు పెట్టి చూసి, రికార్డులో ఆ లోతు ఎదురుగా రాసేది ఇప్పటికీ ఆ ఊరి పేరే.